తెడ్డు ముందా, చెయ్యి ముందా

మా ఊరి పేరు వూచ్. మా భాషలో పడవ అని అర్థం.
ఊళ్లోని ఏరులన్నీ బట్టల మిల్లుల కాలంలోనే
నేల కింది గొట్టాల్లోకి దిగిపోయాయి.
నీళ్లు కనపడని ఈ పడవలో,
పాత నేత మిల్లు మూడో అంతస్తులో
మేం పడవల ఆట కట్టాం.
ఎనిమిది మంది ఎక్కాలి, ఎనిమిది దేశాల వాళ్లయినా సరే,
తెడ్లన్నీ ఒక్క హైలెస్సాకు పడితేనే కదులుతుంది.

మొదటి బీటా తిరనాళ్లే.
గేట్లు బార్లా తెరిచాం.
నలభై వేల మంది తోసుకొచ్చారు.
కేకు కోయకముందే
తొమ్మిదో నిమిషాన సర్వరు చతికిలబడింది.
ష్చెపన్ కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

వారం తిరిగేసరికి పదకొండు వేల ఫిర్యాదులు.
"లాగ్." అంతే, ఒక్క మాట.
"చెత్త." "బాగుంది." "చెత్త."
ఒకడు తన పిల్లి ఫోటో పంపాడు.
వాటిని చదవడం నా ఉద్యోగం.
మేం అడిగిందీ అలాంటిదేగా:
ఎలా ఉంది, అయిదు చుక్కల్లో ఎన్ని?
పుచ్చకాయను పైపైన తట్టమని చేతికిచ్చి
లోపలి గింజలు లెక్కచెప్పమంటే ఎవరు చెబుతారు?

ఆ కుప్ప అడుగున ఒకటి.
పుంటా అరేనాస్‌లో, ఖండం తోక చివర,
రేవులో రాత్రి కాపలా కాసే ఎలియుతేరియో రాశాడు:
"నా చెయ్యి లేవకముందే నా తెడ్డు నీళ్లను తాకుతోంది.
ఎడమ పక్క మూడో బల్ల మీద కూర్చుంటేనే.
వాన పడుతున్నప్పుడే.
ఇరవై రెండు సార్లు లెక్కపెట్టాను.
మిగతా ఏడుగురూ నన్ను తాగుబోతంటున్నారు.
నేను మానేసి పన్నెండేళ్లయింది."

బోగ్నా మూడో బల్ల మీద కూర్చుని
రోజంతా వాన కురిపించింది.
తెడ్డు బుద్ధిగా చెయ్యి వెనకే నడిచింది.
"మా దగ్గర రావట్లేదు" అన్న మాట
మా వృత్తిలో తలుపుకున్న గొళ్లెం.
వేసేశాం.

పది రోజులకు అదే మనిషి, ఒకే వాక్యం:
"ఇప్పుడు డెబ్బై ఒకటి."
అందులో కోపం లేదు.
ఉంటే నాకు నిద్ర పట్టేది.

మా సర్వరు మా కాళ్ల కిందే, నేలమాళిగలో.
మేం పిలిస్తే పలకడానికి
దానికి రెప్పపాటు కూడా ఎక్కువే.
అతని పిలుపు సముద్రం అడుగున పాకి,
ఎన్నో గడపలు దాటి, ఒగర్చుకుంటూ రావాలి.
వంటింట్లో కూర్చున్నవాళ్లం
చివరి బంతి ఆకలి ఎలా కనిపెడతాం?

శుక్రవారం మా తీగల్లో మేమే ఆలస్యం పోసుకున్నాం,
మూడు వందల మిల్లీసెకన్లు.
పది ప్యాకెట్లకొకటి దారిలో జారవిడిచాం.
మూడు గంటలకు వాన మొదలైంది.
బోగ్నా చెయ్యి ఇంకా ఒళ్లోనే ఉంది,
తెడ్డు నీళ్లలో పడింది.
ఎవరం చప్పట్లు కొట్టలేదు.
ష్చెపన్ తెరవైపు చూస్తూ, మెల్లగా, "క్షమించు" అన్నాడు.

రెండో బీటాకు కేకు లేదు.
రోజుకు మూడు వందల మందే,
సగం మంది దూరపు తీగల వాళ్లు, పాత కంప్యూటర్ల వాళ్లు,
అర్ధరాత్రి డ్యూటీల వాళ్లు.
పడవ అంచుకు ఒక గంట కట్టాం.
తప్పు కనపడ్డ క్షణాన కొడితే చాలు,
వెనకటి ముప్పై సెకన్లు మూటగట్టుకుని మా దగ్గరికొస్తుంది.
ప్రశ్న రోజుకొక్కటే:
ఇవాళ తెడ్డు నీ మాట విందా?
ప్రతి గంటకూ జవాబు, కింద ఒక మనిషి పేరు.
"సరిచేశాం" అని రాయడం తేలిక.
"సరిచేయలేం, ఇందువల్ల" అని రాసేటప్పుడు
నా వేళ్లకూ మూడు వందల మిల్లీసెకన్ల ఆలస్యం.
అయినా రాస్తున్నాను.

అతనికి రాశాను:
"మూడో బల్ల, వాన: సరైంది. పట్టుకున్నది మీరే."
తెల్లవారుజామున జవాబు:
"నిజమే. తెడ్డు వింటోంది.
కానీ తెరచాప మీది కొంగకు రెండు నీడలున్నాయి.
తొమ్మిది సార్లు లెక్కపెట్టాను."

బోగ్నా, వాన ఆపు.
కొంగను ఎగరెయ్.